రహీం సాబ్ పేజీని సినిమా చూసి నింపకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 17న సయ్యద్ అబ్దుల్ రహీం జయంతి అని మీ ఆటల పేజీలో వేసిన వ్యాసం చదివాను. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ గురించి తెలుగులో అర పేజీ రావడమే గొప్ప, అందుకు ముందుగా థాంక్స్. కానీ ఒక మాట చెప్పక తప్పదు. ఆ వ్యాసంలో చాలా భాగం వికీపీడియాలో ఆయన పేజీ నుంచి దించిందే, వాక్యాల వరస కూడా మార్చలేదు. అక్కడి నుంచి తీసుకోవడం నేరమేమీ కాదు. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పి, వాళ్ల షరతుల ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు. మీరు చెప్పలేదు, అది పక్కన పెడదాం. నా గోల వేరే.

ఆ పేజీలో ఆధారం లేని వాక్యం ఒకటి ఉందనుకోండి. మీ సబ్ ఎడిటర్ గారు దాన్ని తెచ్చి అచ్చేశారు. వారం తర్వాత ఎవరో కుర్రాడు మీ వ్యాసం లింకు పట్టుకెళ్లి అదే వాక్యం పక్కన ఆధారంగా పెడతాడు. వాడి తప్పేం లేదు, పేపర్లో వచ్చింది కదా. ఇప్పుడు ఆ వాక్యానికి పక్కా ఆధారం ఉన్నట్టే లెక్క! ఎక్కడి నుంచి బయల్దేరిందో అక్కడికే తిరిగొచ్చిందని కనిపెట్టాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆ పేజీ చరిత్రలో పాత దిద్దుబాట్లన్నీ తిరగేసి, ఈ వాక్యం ఏ తేదీన చేరింది, పేపర్ ఏ తేదీన వచ్చింది అని పోల్చి చూడాలి. నేను వికీపీడియాలో ఆటల వ్యాసాలు అప్పుడప్పుడు దిద్దుతుంటాను కాబట్టి ఆ తలనొప్పి ఎలా ఉంటుందో తెలుసు. చర్చ పేజీలో ఎంత మొత్తుకున్నా అవతలివాడు ఒకే మాట అంటాడు, పత్రికలో ఉంది, నీ దగ్గర దానికి మించిన ఆధారం ఏముంది అని. న్యాయమైన ప్రశ్నే. ఆ మించిన ఆధారం మీ దగ్గర ఉందనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆయన గురించి ఆన్‌లైన్‌లో ఏం తిరుగుతోందో చూడండి.

నెదర్లాండ్స్‌లో హెచ్‌ఎస్‌వీ హూక్ అనే అమెచ్యూర్ క్లబ్‌కి రహీం ఆడారని చాలా చోట్ల కనిపిస్తుంది. ఏ సంవత్సరంలో? ఎన్ని నెలలు? ఎన్ని మ్యాచ్‌లు? అవేవీ ఉండవు, ఒక్క ముక్క ఉంటుంది అంతే. ఉస్మానియాలో చదివి హైదరాబాద్‌లో బడిపంతులుగా చేసిన మనిషి ఆ కాలంలో ఓడెక్కి వెళ్లి ఒక చిన్న డచ్ ఊరి టీమ్‌లో ఆడాడంటే అది మామూలు విషయం కాదు కదా, దాని వెనక ఒక పెద్ద కథే ఉండాలి. నిజమే అయ్యుండొచ్చు, నేను కాదనడం లేదు. కానీ ఇంత పెద్ద విషయానికి ఒక తేదీ కూడా లేకుండా ఒక సైటు నుంచి ఇంకో సైటుకి కాపీ అవుతూ పోతోందంటే కాస్త ఆగి అడగాలి. ఆ క్లబ్ ఇప్పటికీ ఉంది. పాత రికార్డులేమైనా ఉన్నాయా అని ఒక ఈమెయిల్ పంపితే పోయేదేముంది? మీ విలేకరి పంపి, వాళ్లేం చెప్పారో మీరు అచ్చేస్తే, ఆ వాక్యం ఉండాలో పోవాలో ఆ రోజుతో తేలిపోతుంది.

ఇంకోటి, 4-2-4, అంటే నలుగురు డిఫెండర్లు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఫార్వర్డ్‌లతో ఆడే పద్ధతి. బ్రెజిల్ 1958 వరల్డ్ కప్‌లో ఆ పద్ధతి ఆడి ప్రపంచాన్ని ఊపేసిందని అందరికీ తెలుసు, దానికన్నా ముందే రహీం మన జట్టుతో అలా ఆడించారన్నది మనవాళ్లు గర్వంగా చెప్పుకునే మాట. అది పెరిగి పెరిగి ఇప్పుడు ప్రపంచంలోనే మొదటివాడు రహీం అనే దాకా వచ్చింది. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో చిత్తు చేసిన హంగరీ జట్టు, సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటిని వెనక్కి లాగి, దాదాపు అలాగే ఆడింది. ఆ మ్యాచ్ గురించి యూరప్‌లో పుస్తకాలకి పుస్తకాలు రాశారు. అలాంటప్పుడు మొదటివాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే బయటివాడు ఎవడైనా నవ్విపోతాడు, మన మిగతా పేజీని కూడా నమ్మడు. అదే ఫలానా టోర్నమెంట్‌లో, ఫలానా మ్యాచ్‌లో, రహీం జట్టు నలుగురు డిఫెండర్లతో ఆడిందని ఆ రోజు పేపర్ రాసింది అని పెట్టండి, ఎవడూ కదపలేడు. ఆయనకి గొప్పదనం తగ్గిపోతుందా? నాకైతే అలా అనిపించదు. కోచ్ చదువులు, వీడియోలు ఏమీ లేని రోజుల్లో, ఏళ్ల తరబడి ఇద్దరు బ్యాకులతో ఆడే అలవాటున్న జట్లని మార్చడమే పెద్ద పని, దానికి మొదటివాడు అనే బిరుదు అక్కర్లేదు.

1956 మెల్‌బోర్న్ సంగతి చెప్పాలి. ఇది చాలా చోట్ల సగమే రాస్తారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనది, నాలుగో స్థానం వచ్చింది, కోచ్ రహీం. అన్నీ నిజమే. కానీ ఆ టోర్నీలో చివరికి ఆడింది 11 జట్లే, మిగతావి రకరకాల కారణాలతో తప్పుకున్నాయి. మనకి మొదటి రౌండ్‌లో హంగరీ పడింది, వాళ్లు రాకపోవడంతో వాకోవర్ దొరికింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో యుగొస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనమే, అదీ నెవిల్‌దే, కానీ చివరికి 1-4. కాంస్యం కోసం బల్గేరియాతో 0-3. అంటే మొత్తం టోర్నీలో మనం మైదానంలో గెలిచింది ఒక్క మ్యాచ్. ఈ ముక్క రాస్తే ఎవరికో కోపం వస్తుందని, దేశద్రోహం అంటారని జనం భయపడి వదిలేస్తున్నట్టుంది. నా మాటేంటంటే రాయాలి, పూర్తిగా రాయాలి. వాకోవర్ దాచిపెట్టిన పేజీ కంటే వాకోవర్ చెప్పి, ఆ టోర్నీలో టాప్ స్కోరర్లలో నెవిల్ కూడా 4 గోల్సుతో ఒకడని చెప్పిన పేజీ ఎక్కువ బలంగా ఉంటుంది. పైగా అంతకు 4 ఏళ్ల ముందు ఇదే యుగొస్లావియా మనకి ఏం చేసిందో పక్కనే పెడితే అసలు కథ బయటపడుతుంది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా మనల్ని 10-1తో కొట్టింది. ఆ జట్టుకి కూడా కోచ్ రహీం సాబే. చలిలో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. జయంతి వ్యాసాల్లో ఈ 10-1 కనిపించదు, మీ వ్యాసంలోనూ లేదు. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో బంగారం, మేవాలాల్ గోల్, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1956, మళ్లీ ఒక్క గెంతులో 1962. నడుమ ఏం జరిగిందో తెలియకపోతే ఆ మనిషి ఏం నేర్చుకున్నాడో, ఏం మార్చాడో ఎలా అర్థమవుతుంది? 1951లో ఆసియా ఛాంపియన్, ఏడాదిన్నర తిరక్కుండానే అంత ఘోరంగా ఓడిపోవడం, ఆపైన 4 ఏళ్లకి అదే ప్రత్యర్థి మీద సెమీస్‌లో ముందు గోల్ కొట్టగలిగే జట్టు తయారుకావడం... కోచ్ జీవితంలో ఇంతకన్నా చెప్పాల్సింది ఏముంటుంది? 1960 రోమ్ కూడా అంతే. గ్రూపులోనే ఇంటికొచ్చాం కాబట్టి ఒక్క లైనుతో సరిపెడతారు. హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. మన 3 గోల్సులో 2 మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంవి. తెలుగు పేజీలోనైనా ఈ ముక్క ఉండొద్దా?

ఇక ఆయనవి కాని గొప్పలు ఆయనకి అంటగట్టడం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో ఫ్రాన్స్‌ని వణికించిన జట్టు ఉంది చూశారూ, దాని కోచ్ బలాయిదాస్ ఛటర్జీ, రహీం కాదు. 1950 బ్రెజిల్ వరల్డ్ కప్‌కి మనం వెళ్లకపోవడాన్ని కూడా తెచ్చి ఈయన కథలో కలిపేస్తారు, అదీ బూట్లు లేవని ఫిఫా రానివ్వలేదనే పాత పుకారుతో సహా. ఆ పుకారు ఎన్నిసార్లు ఖండించినా చావడం లేదు. వెళ్లొద్దన్న నిర్ణయం ఫెడరేషన్‌ది. ప్రయాణం, ప్రాక్టీసుకి టైమ్ చాలకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ రోజుల్లో వరల్డ్ కప్ కంటే ఒలింపిక్స్‌కే విలువ ఇవ్వడం, ఇలా కారణాలు చాలా చెబుతారు. రహీం సాబ్ పేజీలో దానికి చోటే అక్కర్లేదు.

పుట్టిన ఊరి దగ్గర కూడా గొడవే. 1909లో పుట్టిన మనిషికి పుట్టిన చోటు హైదరాబాద్, తెలంగాణ అని ఒకరు పెడతారు, ఇంకొకరు వచ్చి ఆంధ్రప్రదేశ్ అని మారుస్తారు, మూడో ఆయన వచ్చి మళ్లీ తెలంగాణ అంటారు. అప్పుడున్నది నిజాం హైదరాబాద్ సంస్థానం. అది రాసి, ఇప్పుడు తెలంగాణలో ఉంది అని పక్కన చేరిస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది. ఇక్కడ ఆయన కోచ్‌గా ఉన్న జట్టు పేరు కూడా అలాగే. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. రాష్ట్రం మారాక అదే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. రెంటినీ కలిపి ఒకే పేరుతో రాసేస్తే ఏ కప్పు ఎవరు గెలిచారో చదివేవాడికి అర్థం కాదు. 1950–1963 ఇండియా కోచ్ అని ఒక గీత లాగేయడం కూడా నాకు నచ్చదు. ఆ రోజుల్లో జాతీయ జట్టంటే ఇప్పట్లా ఏడాది పొడుగునా ఉండేది కాదు, టోర్నీ ముందు పోగుచేసేవాళ్లు. ఏ టోర్నీకి ఆయన వెళ్లారో టోర్నీ వారీగా రాయాలి.

2024లో 'మైదాన్' సినిమా వచ్చాక పరిస్థితి ఇంకా ముదిరింది. సినిమా మీద నాకేం పగ లేదు, అజయ్ దేవగణ్ వల్లే కదా రహీం అనే పేరు మన పిల్లల నోట వినబడింది. కానీ సినిమా సినిమానే. కథకి విలన్ కావాలి, కాబట్టి కల్పిత పాత్రలుంటాయి, నాలుగు మీటింగుల్ని ఒక మీటింగు చేస్తారు, మాటలు రచయిత రాసినవి. అది వాళ్ల హక్కు. తీసుకొచ్చి జీవితచరిత్రలో పెట్టేవాళ్లతోనే నా పేచీ. సినిమా సీన్లో విన్న డైలాగు రహీం అన్నారని కొటేషన్ మార్కుల్లో పెట్టేస్తున్నారు! ఎవరు విన్నారు, ఎవరు రాసుకున్నారు?

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌నే తీసుకోండి. ఇక్కడ కల్పించాల్సిన అవసరమే లేదు, జరిగింది చాలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే ఆయన్ని ఫార్వర్డ్‌గా దింపారు. ఆయన గోల్ కొట్టాడు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వకపోవడం మీద మన అధికారి సోంధీ గట్టిగా మాట్లాడటంతో ఊళ్లో జనం మనమీద మండిపడుతున్నారు. 1962 సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే దక్షిణ కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1, బంగారం. కెప్టెన్ చునీ గోస్వామి. గోల్‌లో మన హైదరాబాదీ తంగరాజ్, ముందు బలరాం, యూసుఫ్ ఖాన్. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు, ఫైనల్ అయ్యి ఏడాది కూడా నిండలేదు. ఫైనల్ ముందు రాత్రి ఆయన ఆటగాళ్లని కూర్చోబెట్టి, నాకో బహుమతి కావాలి అన్నట్టుగా అడిగారని ఆ జట్టువాళ్లు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఇది పేజీలో ఉండాలి. అయితే ఆ ఆటగాళ్లు గుర్తు చేసుకున్నట్టుగా, ఎవరు ఏ ఇంటర్వ్యూలో చెప్పారో పేరుతో సహా ఉండాలి. సినిమాలోని పొడుగు ప్రసంగం ఉండకూడదు. తేడా చిన్నదిలా కనిపిస్తుంది కానీ మొత్తం పేజీ నమ్మకం దానిమీదే నిలబడుతుంది.

ఇన్ని చెప్పాను గానీ నిజానికి ఆ పేజీలో ఉన్న తప్పుల కన్నా లేని విషయాలే నన్ను ఎక్కువ బాధపెడతాయి. ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్ స్కోర్లు ఎక్కడైనా దొరుకుతాయి. పాత ఒలింపిక్స్ అధికారిక నివేదికలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఉచితం. దొరకనిది హైదరాబాదే. ఈ ఊళ్లో ఆయనేం చేశారు? కాచిగూడ మిడిల్ స్కూల్‌తో మొదలుపెట్టి పలు బళ్లలో పాఠాలు చెప్పిన టీచర్ ఆయన. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పనులు చూస్తూ ఇక్కడ విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టించారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి వచ్చిందా వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే గల్లీ పిల్లలు ఎంత నవ్వుకునేవాళ్లో! నవ్వుకున్నా ఆ పద్ధతిలోంచే రెండు కాళ్లతో ఆడగలిగే ఆటగాళ్లు తయారయ్యారు. లతీఫ్, అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం... వీళ్లంతా ఒకే ఊరి నుంచి, ఇంచుమించు ఒకే కాలంలో దేశం తరఫున ఆడారంటే ఆ టోర్నమెంట్లదీ ఆ సిటీ పోలీస్ జట్టుదీ చలవే. కోచ్‌గా ఆయన గొప్పదనం జకార్తాలో కనిపించింది కానీ తయారైంది ఇక్కడ. మరి ఆ టోర్నమెంట్లు ఏ మైదానంలో జరిగాయి, ఏ ఏడు మొదలయ్యాయి, ఏ జట్లు గెలిచాయి? ఆన్‌లైన్‌లో ఒక్క లైను దొరికితే ఒట్టు. సినిమా కూడా హెల్సింకీ దగ్గర మొదలై జకార్తాలో ముగుస్తుంది కాబట్టి ఈ భాగం అందులోనూ పెద్దగా లేదు.

నేనే వెళ్లి రాసేయొచ్చు కదా అంటారేమో. కుదరదు, వికీపీడియా నియమమే అది. మనకి తెలిసింది, మన తాత చెప్పింది, మన పరిశోధనలో తేలింది, ఇవేవీ చెల్లవు. ఎక్కడో ఒకచోట నమ్మదగిన అచ్చులో వచ్చి ఉండాలి, చదివేవాడు వెళ్లి సరిచూసుకోగలగాలి. మొదట్లో నాకిది చాదస్తంలా అనిపించేది, ఇప్పుడు అనిపించడం లేదు, ఎందుకంటే ఆ నియమమే లేకపోతే ఎవరి తాత గొప్పవాడో అరుపుల్లో తేలాల్సి వచ్చేది. పాత ఆటగాళ్ల ఇళ్లవాళ్లకి కూడా ఇదే చెబుతుంటాను. మీవాళ్ల పేజీని మీరే మార్చొద్దు, చర్చ పేజీలో ఇది తప్పు, ఇదిగో ఆధారం అని పెట్టండి, మిగతావాళ్లు చూసి మారుస్తారు. చాలామంది నొచ్చుకుంటారు. మా ఇంటి మనిషి పుట్టినరోజు మాకు తెలీదా అంటారు. తెలుసు, కానీ చదివేవాడికి అది ఎలా తెలియాలి?

కాబట్టి ఇక్కడే పత్రికల అవసరం పడుతుంది. 1950లలో ఫతేమైదాన్‌లో ఎవరు ఎవరితో ఆడారో ఆ మర్నాడు పేపర్లో వచ్చేది. సియాసత్ 1949 నుంచి ఉంది, రహ్నుమాయె దక్కన్ ఇంకా పాతది. తెలుగులో అప్పట్లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, విశాలాంధ్ర ఉండేవి, మీరూ ఉన్నారు. వీటిలో కొన్ని పాత తెలుగు సంచికలని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది, అది మహోపకారం. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే పాత కట్టలు చూడొచ్చు, కానీ ఉద్యోగం చేసుకునేవాడు సెలవు పెట్టి ఎన్ని రోజులు తిరగ్గలడు చెప్పండి. ఉర్దూ కూడా రావాలి. ఈ మాట గట్టిగా చెప్పాలి, హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో ఎక్కువ భాగం ఉర్దూలో ఉంది, తెలుగు మాత్రమే చదివేవాళ్లం సగం కథే చదువుతున్నాం. ఉర్దూ వచ్చిన రిటైర్డ్ టీచర్లు ఊళ్లో బోలెడు మంది ఉన్నారు. పత్రికవాళ్లు పిలిస్తే వస్తారు, నాలాంటివాడు పిలిస్తే ఎందుకొస్తారు?

మనుషుల సంగతి చూస్తే ఇంకా తొందర పడాలి. పీకే, చునీ ఇద్దరూ 2020లో వెళ్లిపోయారు. రహీం సాబ్ కొడుకు హకీం సాబ్, 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్నాయన, తర్వాత ఫిఫా రెఫరీ, 2021లో పోయారు. బలరాం 2023లో. ఇక వీళ్లతో కలిసి ఆడినవాళ్లు, వీళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు మిగిలారు, వాళ్లూ ముసలివాళ్లే. వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసుకుంటే మన ఇంట్లో ఉంటాయి. మీరు ఇంటర్వ్యూ చేసి అచ్చేస్తే అది ఆధారమవుతుంది. దయచేసి వాళ్లని అడిగేటప్పుడు సినిమా ఎలా ఉంది అని అడగకండి. ప్రాక్టీసు పొద్దున ఎన్నింటికి, రోజూ ఏం చేయించేవారు, ఓడిపోతే ఏమనేవారు, బూట్లు ఎవరు కొనిచ్చేవారు, ఇవి అడగండి.

ఫొటోల గురించి ఒక సంగతి, ఇది మీ లాయర్ గారిని అడిగి సరిచూసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం అచ్చైన ఫొటోకి, అచ్చైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లే రక్షణ. అంటే 1962లో మీరు వేసిన జకార్తా ఫొటోకి 2022తో గడువు తీరిపోయింది. దాచుకుని చేసేదేమీ లేదు. రహీం సాబ్‌వి స్పష్టమైన ఫొటోలు ఆన్‌లైన్‌లో చాలా తక్కువ. ఉన్నవాటిలో ఏది ఎప్పుడు ఎక్కడ తీసిందో చాలావాటికి రాసి ఉండదు. సినిమా పోస్టర్‌లో హీరో బొమ్మని ఆయన ఫొటో అనుకుని షేర్ చేసేవాళ్లని చూశాను, ఏం చెప్తాం.

సరే, మీరు చేయగలిగేవి. మొదటిది, ఆ జయంతి వ్యాసానికి సవరణ వేయండి. లోపలి పేజీలో అగ్గిపెట్టెంత చోటు చాలు, కానీ ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఆ వ్యాసం కింద కూడా కనిపించాలి, ఎందుకంటే లింకు ఇచ్చేవాళ్లు దాన్నే ఇస్తారు. ఏయే వాక్యాలు వికీపీడియా నుంచి తీసుకున్నారో చెప్పేస్తే చాలు, ఆ వాక్యాలకి మీ వ్యాసం ఆధారంగా చెల్లదని అందరికీ అర్థమవుతుంది. రెండోది, ఇకపై ఎవరి జయంతికైనా, వర్ధంతికైనా, ఆన్‌లైన్ పేజీ చూసి రాయాల్సి వస్తే ఆ పేజీ కింద ఉన్న మూలాలు తెరిచి చూడమని డెస్క్‌కి చెప్పండి. మూలం లేని వాక్యాన్ని వదిలేయండి, అంతే. పని ఒత్తిడి ఉంటుందని తెలుసు, రాత్రి పేజీ వదిలే టైమ్‌లో ఎవరికి ఓపిక ఉంటుంది, అయినా జయంతి తేదీ ఏడాది ముందే తెలుసు కదండీ.

అసలైనది మీ పాత సంచికలు. అన్నీ తెరవమని అడగడం లేదు, ఖర్చు అవుతుంది, తెలుసు. రహీం సాబ్ వరకు చూస్తే కొన్ని తేదీలు చాలు. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్ ఫైనల్స్ అయిన మర్నాటి పేపర్లు. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చినప్పటిది. జట్టు హెల్సింకీ నుంచి తిరిగొచ్చిన రోజులవి, అప్పుడు ఊళ్లో ఏమనుకున్నారో నాకు చదవాలనుంది. 1962 సెప్టెంబర్ 5, 6 తేదీలవి. 1963 జూన్ 12ది, ఆయన పోయిన మర్నాడు మన పేపర్లు ఎంత చోటిచ్చాయో, ఆయన గురించి ఏ వివరాలు రాశాయో చూడాలి, ఎందుకంటే బతికున్నప్పుడు తెలిసినవాళ్లు రాసిన ఆ నాలుగు పేరాల విలువ ఇప్పుడు మనం రాసే నలభై పేరాలకి లేదు. అవి స్కాన్ చేసి మీ సైట్లో తేదీతో, పేజీ నంబర్‌తో పెట్టండి చాలు, మిగతా పని మేం చూసుకుంటాం. తెలుగు పేజీలోనూ ఇంగ్లీషు పేజీలోనూ ఒక్కో వాక్యం పక్కన మీ పత్రిక పేరు, తేదీ వస్తాయి.

స్కాన్ చేసేవాళ్లకి ఒక్క మాట చెప్పండి. జట్టు ఫొటో కింద ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు వేసి ఉంటే ఆ లైన్ని కత్తిరించొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్